ఊరి పేరులో పొటవాటమి మాట ఉందా? తేల్చుకునే పద్ధతి

మిషిగన్ సరస్సు దక్షిణపు అంచు చుట్టూ, అంటే ఇల్లినాయ్ ఈశాన్య భాగం, ఇండియానా ఉత్తర భాగం, మిషిగన్ రాష్ట్రపు నైరుతి మూల, విస్కాన్సిన్ తూర్పు ఒడ్డు, ఎక్కడ పటం విప్పినా ఇంగ్లీషు కాని పేర్లు కుప్పలుగా కనిపిస్తాయి. వాకీగన్, విన్నమాక్, మక్వానగో, షిప్షివానా, వావటోసా. వీటి పక్కన పర్యాటక ఫలకాలు “ఇది ఇండియన్ మాట, అర్థం ఫలానా” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఏ భాష మాటో చెప్పవు. ఎవరు, ఎప్పుడు, ఎలా రాసుకున్నారో అసలే చెప్పవు. ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసులని అర్థం. ఈ ప్రాంతంలో పొటవాటమి అనే ఆదివాసీ జాతి భాషతో పాటు ఒజిబ్వే, ఒడావా, మయామీ-ఇల్లినాయ్, సాక్, మెస్క్వాకీ, కికపూ, మెనామినీ భాషలు వినిపించేవి. ఇవన్నీ ఆల్గాంక్వియన్ కుటుంబానివే. పక్కనే ఉన్న హో-చంక్ మాత్రం పూర్తిగా వేరే కుటుంబం. అందుకే “ఇండియన్ మాట” అన్నది సమాధానం కాదు, వెతుకులాట అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఒక పేరు తీసుకుని, అది పొటవాటమిదో కాదో, అయితే ఏం చెబుతోందో నిలకడగా తేల్చుకునే పద్ధతి ఇది. దీనికి భాష ధారాళంగా రావాల్సిన అవసరం లేదు. కొన్ని ధ్వని నియమాలు, ఓ యాభై మాటముక్కలు, పాత కాగితాలు చదివే ఓపిక ఉంటే చాలు. వీటిలో ఎక్కువ పని చేసేది ఓపికే.

భాష గురించి ముందుగా తెలియాల్సినవి

పొటవాటమిలు తమను బొదేవద్మి అనీ, ఒజిబ్వే, ఒడావాలతో కలిపి చెప్పుకునేటప్పుడు నెష్నబే అనీ అంటారు. ఈ మూడు జాతుల కూటమికి ‘మూడు నిప్పుల సభ’ అని పేరు. భాషలు కూడా అంతే దగ్గర. ఒజిబ్వే నిఘంటువు చేతిలో ఉంటే పొటవాటమి మాటను సగం దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. తరచు పొరపాటు జరిగేదీ ఇక్కడే. ఒజిబ్వే మాట దొరకగానే పేరు ఒజిబ్వేదని రాసేస్తారు.

ఈ మనుషులు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారో తెలియకపోతే పేర్ల పటం అర్థం కాదు. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసులను వారి నేలల నుంచి పడమటికి పంపేసే తొలగింపు చట్టం చేసింది. 1833 షికాగో ఒప్పందంతో మిషిగన్ సరస్సు పడమటి నేలలు పోయాయి. 1838 శరదృతువులో ఇండియానాలోని ట్విన్ లేక్స్ దగ్గర నుంచి సుమారు 850 మందిని సాయుధ కాపలాతో 660 మైళ్ళు నడిపించి కాన్సస్ చేర్చారు. దారిలో 40 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. ఆ దారినే మృత్యు మార్గం అంటారు. మరికొందరు అయోవాలోని కౌన్సిల్ బ్లఫ్స్ మీదుగా కాన్సస్ చేరారు. 1867 ఒప్పందం తర్వాత ఒక వర్గం ఓక్లహోమాకు వెళ్ళింది. పొకేగన్ వర్గం మిషిగన్‌లోనే నిలబడింది. విస్కాన్సిన్ అడవుల్లోకి తప్పించుకున్నవారి సంతతి నేటి ఫారెస్ట్ కౌంటీ పొటవాటమి. అందుకే పొటవాటమి పేర్లు పుట్టిన నేలమీదా ఉన్నాయి, నెట్టివేతల దారి పొడవునా ఉన్నాయి. రెండు రకాలకూ వేర్వేరు ప్రశ్నలు వేయాలి.

మొదటి పని: అతి పాత రూపం పట్టుకోవడం

నేటి బోర్డు మీదున్న స్పెల్లింగుతో పని మొదలుపెట్టకండి. అది అనేకమంది గుమాస్తాలు, పటం గీసేవాళ్ళు, రైల్వే అధికారులు నూరి నునుపు చేసిన రూపం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నడిపే ఉచిత స్థలనామాల డేటాబేస్‌లో పేరు కొడితే, చాలాసార్లు దాని ఇతర రూపాలు కూడా వస్తాయి. అక్కడి నుంచి వెనక్కి వెళ్ళాలి. ప్రభుత్వ భూసర్వే పటాలు, ఒప్పందాల మూలపాఠాలు, వర్తకుల ఖాతాలు, ఫ్రెంచి మిషనరీల లేఖలు చూడాలి. షికాగోలోని న్యూబెర్రీ గ్రంథాలయంలో ఇలాంటి రాతప్రతులు చాలా ఉన్నాయి.

ఒప్పందాలను మాత్రం వదలకండి. వాటిలో గ్రామాలూ నాయకుల పేర్లూ హైఫన్లతో అక్షరం అక్షరంగా విడగొట్టి ఉంటాయి. 1832 అక్టోబరులో టిపికనూ నది దగ్గర జరిగిన ఒప్పందంలో ‘ఆబ్-బీ-నాబ్-బీ’ వర్గానికి 36 సెక్షన్ల భూమి కేటాయించారు. ఒక సెక్షన్ అంటే 640 ఎకరాలు. ఇండియానా ఫుల్టన్ కౌంటీలోని ఆబినాబీ టౌన్‌షిప్ ఆ నాయకుడి పేరే. ఆ హైఫన్లు గుమాస్తా చెవికి అక్షరాలు ఎక్కడ విరిగి వినిపించాయో చూపిస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. సంతకాల చోట నాయకులు పెట్టింది గీత గుర్తే కాబట్టి ఆ స్పెల్లింగు వాళ్ళది కాదు, పక్కన కూర్చున్న రాతగాడిది. ఒకే ఒప్పందంలో ఒకే మనిషి పేరు రెండు రకాలుగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రెండూ రాసుకోండి.

ప్రతి రూపానికీ ఐదు సంగతులు నమోదు చేయండి. అవి సంవత్సరం, రాసినవాడు, అతని మాతృభాష, అక్షరం మార్చని స్పెల్లింగు, ఆ పేరు దేనికి పెట్టారన్నది. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నదికి ఉన్న పేరు ఊరికి వచ్చిందా, మనిషి పేరు చెరువుకు వచ్చిందా అన్నదాని మీదే మిగతా పనంతా ఆధారపడి ఉంటుంది.

రాసినవాడి చెవిని లెక్కలోకి తీసుకోవడం

ఫ్రెంచివాడు వ ధ్వనిని ‘ఓ-యూ’ జంటతో రాస్తాడు. షికాగో ఉత్తర శివారు విల్మెట్ పేరును ఫ్రెంచిలో ‘ఓ-యూ’తోనే మొదలుపెట్టేవారు. జెసూట్ మిషనరీలు అదే ధ్వనికి 8 అంకెలాంటి గుర్తు వాడారు. ప్రచురించిన ప్రతుల్లో మాట మధ్య 8 కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు, వ గానీ ఊ గానీ అని చదవాలి. ఫ్రెంచి ‘సీ-హెచ్’ మన ష. షికాగోను ఇప్పటికీ ‘చికాగో’ అనకపోవడానికి కారణం అదే.

ఇంగ్లీషువాడి చేతిలో పొడవైన ఆ ధ్వని ‘ఏ-యూ’ లేదా ‘ఏ-డబ్ల్యూ’ అవుతుంది, ఈ ధ్వని ‘డబుల్ ఈ’ అవుతుంది. అతను అచ్చు పొడవును చూపడానికి లేని ర ను కూడా చొప్పిస్తాడు. ఇల్లినాయ్‌లోని నిప్పర్‌సింక్ వాగు పేరును సాధారణంగా ‘చిన్న నీటి దగ్గర’ అనే ఆల్గాంక్వియన్ రూపంతో ముడిపెడతారు. పొటవాటమిలో ర లేదు కాబట్టి, ఈ వివరణ ప్రకారం ఆ ర ఇంగ్లీషు చేతిదే అవ్వాలి. తీసి చూడండి.

ఒకే పేరు ఎన్ని రూపాలెత్తుతుందో చూడాలంటే పొటవాటమి నాయకుడు వాబాన్సీ పేరు చాలు. కాన్సస్‌లో కౌంటీకి ‘డబ్ల్యూ-ఏ-బీ-ఏ-యూ-ఎన్-ఎస్-డబుల్ ఈ’ అని రాస్తారు. ఇల్లినాయ్‌లోని కమ్యూనిటీ కాలేజీకి ‘డబ్ల్యూ-ఏ-యూ-బీ-ఓ-ఎన్-ఎస్-డబుల్ ఈ’. అయోవాలోని రాష్ట్ర ఉద్యానవనానికి చివర ‘ఐ-ఈ’. షికాగోలో ఒక వీధికి ‘వబాన్సియా’. నాలుగూ ఒకే మనిషి. స్పెల్లింగు వేరైనంత మాత్రాన వేరే పేరు అనుకోవద్దు. స్పెల్లింగు ఒకటైనంత మాత్రాన ఒకే పేరనీ అనుకోవద్దు.

ధ్వని జల్లెడ

పేరును పాత రూపంలోకి తెచ్చాక పొటవాటమి ధ్వనుల జల్లెడలో వేయాలి. ఈ భాషలో ల లేదు, ర లేదు, ఫ లేదు, పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలికే దంత్యోష్ఠ్య వ లేదు. పేరులో ల స్థిరంగా, అన్ని పాత రూపాల్లోనూ కనిపిస్తే పొటవాటమి అనడానికి ముందు ఆగాలి. ఒకే మూలం నుంచి వచ్చిన మాటల్లో మయామీ-ఇల్లినాయ్ భాష ల నిలుపుకున్నచోట ఒజిబ్వే, పొటవాటమిలు న పలుకుతాయి. ‘మగవాడు’ అన్న మాట ఒజిబ్వేలో ఇనిని, పొటవాటమిలో నెనె, మయామీలో అలెనియ. పాత రూపాల్లో కొన్నిచోట్ల ల, కొన్నిచోట్ల న కనిపిస్తే ఆ పేరు రెండు భాషల నోళ్ళలో నానిందని అర్థం. మిల్వాకీ అలాంటిదే. 17వ శతాబ్దపు చివరి ఫ్రెంచి రాతల్లో ‘మెల్లియోకి’ అని ల తో ఉంది. నేడు ఎక్కువగా వినిపించే ‘మంచి నేల’ అన్న వివరణ న ఉన్న రూపం మీద నిలబడుతుంది. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూపకుండా మిల్వాకీ అర్థం చెప్పేవారి మాట నమ్మకండి.

ఇక అసలు కీలకం అచ్చుల పతనం. ఒజిబ్వే నుంచి పొటవాటమిని వేరు చేసే నియమం ఇదే. కాగితం మీద చేసి చూస్తే చాలా హాయిగా ఉంటుంది. ఒజిబ్వే మాటను ఎడమ నుంచి చదవండి. దీర్ఘాచ్చులన్నీ బలమైనవి. ఒజిబ్వేలో ఏ ఎప్పుడూ దీర్ఘమే. వరసగా వచ్చే హ్రస్వాచ్చుల్లో మొదటిది బలహీనం, రెండోది బలం, మూడోది బలహీనం. దీర్ఘం తగలగానే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మాట చివరి అచ్చు ఎప్పుడూ బలమే. పొటవాటమిలో బలహీనమైనవన్నీ రాలిపోతాయి.

‘కాలి చెప్పు’ అన్న అర్థంలో ఒజిబ్వే మకిజిన్ తీసుకోండి. మ లోని అ బలహీనం, రాలిపోతుంది. మిగిలింది మ్‌కెజెన్. ‘చెట్టు’ మితిగ్ నుంచి మ్‌తెక్. ‘దీవి’ మినిస్ నుంచి మ్‌నెస్. ‘రాయి’ అసిన్ నుంచి సెన్. ‘నేల’ అకి నుంచి కి. అనిషినాబేలో అ రాలుతుంది, ని నిలుస్తుంది, షి లోని అచ్చు రాలుతుంది, నా బే దీర్ఘాలు కాబట్టి నిలుస్తాయి. నెష్నబే వస్తుంది. జాతి పేరు బోదేవాదమీలో దీర్ఘం కానిది ద లోని అచ్చు ఒక్కటే. అది పోగానే బొదేవద్మి. నిలిచిన హ్రస్వ ఇ లు చాలావరకు నోరు సగం తెరిచిన అస్పష్ట అచ్చుగా మారతాయనీ, మాట చివరి గ గట్టిపడి క గా వినిపిస్తుందనీ కూడా గుర్తుంచుకోండి.

ఈ నియమాన్ని తలకిందులుగా వాడితేనే పొరపాటు జరుగుతుంది. ‘పేరులో అచ్చులు నిండుగా ఉన్నాయి కాబట్టి ఇది ఒజిబ్వే, పొటవాటమి కాదు’ అని తేల్చకూడదు. 19వ శతాబ్దపు రాతల్లో పొటవాటమి మాటలు కూడా ఆ బలహీన అచ్చులతోనే కనిపిస్తాయి. పైగా మ్‌క్ అనే జంట ఇంగ్లీషు నోటికి తిరగదు, మధ్యలో ఏదో ఒక అచ్చు చేరుస్తుంది. విస్కాన్సిన్‌లోని మక్వానగో ఒకప్పటి పొటవాటమి గ్రామం. ఆ పేరు మొదటి భాగం ‘ఎలుగుబంటి’. ఒజిబ్వేలో మక్వ, నేటి పొటవాటమిలో మ్‌కొ. రాతలో అచ్చు నిలిచినా గ్రామం పొటవాటమిదే. తెలుగులో రాసేవాళ్ళకు ఇదే ఉచ్చు రెండోసారి ఎదురవుతుంది. మన నోరు కూడా పొల్లు పక్కన అచ్చు చేర్చేస్తుంది. ‘మకొ’ అని రాస్తే ఒజిబ్వే వైపు సగం దూరం వెళ్ళిపోయినట్టే.

వావటోసా ఇదే నియమానికి అటువైపు ఉదాహరణ. మిణుగురు పురుగుకు ఒజిబ్వే మాట వావాతేసి. మొదటి మూడు అచ్చులూ దీర్ఘాలు, చివరిది ఎలాగూ బలం. అంటే రాలడానికి ఏమీ లేదు. అందుకే ఈ పేరు రెండు భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, ధ్వని జల్లెడ ఇక్కడ భాష తేల్చలేదు. తేల్చేది చరిత్ర. విస్కాన్సిన్‌లోని ఆ నగరం పేరు పొటవాటమి నాయకుడిది.

ముక్కలుగా విడగొట్టడం

ఈ భాషల్లో పేరు సాధారణంగా రెండు మూడు ముక్కల అతుకు. తరచు తగిలేవి: వబ్ అంటే తెలుపు లేదా వెలుగు, వేకువ. మ్‌కెదె నలుపు. మ్‌స్క్వ ఎరుపు. మ్‌నొ మంచి. గ్‌చె లేదా క్‌చె పెద్ద. జీబె నది. మ్‌బెస్ చెరువు, సరస్సు. మ్‌బిష్ నీరు. కి నేల. సెన్ రాయి. అతుకుల చివర మెక్ లేదా మెగ్ అంటే చేప. చిన్నదనానికి చివర స్, పాత రాతల్లో న్స్.

వబ్ మీద అతిగా ఆధారపడకండి. అదే ధాతువు ఒజిబ్వేలో వాబ్, మయామీలో వాప్. వాబాష్ నది పేరు ఈ ధాతువుతోనే మొదలవుతుంది. కానీ అది మయామీ మాట, తెల్లగా మెరిసేదని అర్థం. మొదటి ముక్క కుటుంబమంతా పంచుకునేదైతే భాషను చివరి ముక్కతోనో, చరిత్రతోనో తేల్చాలి.

చివర వచ్చే ‘అక్’, ‘ఎక్’, ‘ఒక్’లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. పొటవాటమిలో స్థలాన్ని సూచించే విభక్తి ఇదే. ఒజిబ్వేలో ఇంగ్, ఒంగ్ అని అనునాసికంతో ఉండేది ఇక్కడ ముక్కు ధ్వని పోగొట్టుకుంది. కాబట్టి చివర ‘ఆక్’ వినిపించగానే ‘ఫలానా చోట’ అని అర్థం రాసేయాలని చేయి తొందరపడుతుంది. కానీ ఇండియానా పులాస్కీ కౌంటీ కేంద్రం విన్నమాక్‌లో ఆ ‘ఆక్’ విభక్తి కాదు. అది చేప ముక్క. పేరు మొత్తానికి అర్థం వాలుగ లాంటి మీసాల చేప, అది ఒక పొటవాటమి నాయకుడి పేరు. ఇక బహువచనం కూడా క తోనే ముగుస్తుంది. నెష్నబే ఒకరైతే నెష్నబేక్ పలువురు. అంటే ఒకే ఇంగ్లీషు తోక వెనక విభక్తి, చేప, బహువచనం మూడూ దాక్కోవచ్చు. తోకను బట్టి అర్థం చెప్పిన ఫలకాల్లో చాలా భాగం ఇక్కడే దెబ్బతింటాయి.

శుభ్రంగా విడిపోయే పేరు ఒకటి: నాటవాసెప్పీ. ‘సెప్పీ’ అంటే జీబె, నది. ‘నాటవా’ ఒజిబ్వేలో నాదొవే, హ్యూరన్, ఇరక్వాయ్ జాతులవారిని పిలిచే మాట. మొత్తం హ్యూరన్ నది. మిషిగన్‌లోని పొటవాటమి వర్గం అధికారిక నామం నాటవాసెప్పీ హ్యూరన్ బ్యాండ్. పొటవాటమి రూపమూ దాని ఇంగ్లీషు అర్థంలో సగమూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. అర్థం తెలియకపోతే హ్యూరన్ అన్న మాట చూసి వీళ్ళు హ్యూరన్ జాతివారని పొరపడతారు. కాదు, పొటవాటమిలే.

ఇండియానా కల్వర్ పట్టణం పక్కనున్న మాక్సిన్‌కక్కీ సరస్సుకు సాధారణంగా చెప్పే అర్థం ‘పెద్ద రాళ్ళ నేల’. మధ్యలోని ‘సిన్’ రాయి, చివరి ‘కక్కీ’లో కి అంటే నేల కనిపిస్తున్నాయి. రెండు ముక్కలు సరిగా కూర్చున్నాయి కాబట్టి ఈ వివరణకు బలం ఉంది.

నేల ఒప్పుకుంటుందా

ముక్కలు కుదిరాక నేలను అడగాలి. అయితే అడగకూడని పేర్లు కొన్ని ఉన్నాయి. మనిషి పేరు అయితే నేలతో పోలిక వెతకడం వృథా. విన్నమాక్‌లో ఆ చేపలు ఉన్నాయా అని చూసి ప్రయోజనం లేదు, వావటోసాలో మిణుగురులు ఉన్నాయా అని కూడా అంతే. నది, చెరువు, వాగు, పాత గ్రామం, దాటురేవు పేర్లయితే తప్పకుండా చూడాలి. చూడాల్సింది కూడా నేటి నేలను కాదు, తొలి భూసర్వే గుమాస్తాలు వర్ణించిన నేలను. ఈ ప్రాంతపు బురదనేలల్లో ఎక్కువ భాగాన్ని తర్వాత కాలువలు తవ్వి ఎండబెట్టారు. స్కోకీ అన్న పేరు పెద్ద బురదనేలది. నేటి స్కోకీ వీధుల్లో నిలబడి బురద వెతికితే దొరకదు. పైగా ఆ ఊరి పాత పేరు నైల్స్ సెంటర్, 1940లో మాత్రమే స్కోకీ అయింది. పేరు బురదనేలది, ఊరు దాన్ని అరువు తెచ్చుకుంది.

మోసం చేసే ఐదు రకాలు

అనువాదం. పొటవాటమి ధ్వని ఒక్కటి కూడా లేకుండా పొటవాటమి పేరు ఉండవచ్చు. ఇల్లినాయ్ లేక్ కౌంటీలో హాఫ్ డే అనే చోటు ఉంది. సగం రోజు ప్రయాణమని కథలు చెబుతారు. కానీ ఆ చుట్టుపక్కల నాయకుడి పేరు ఆప్తాకిసిక్. ఒజిబ్వేలో ఆబిత సగం, గీఝిగ్ ఆకాశం, పగలు. హాఫ్ డే ఆ మనిషి పేరుకు ఇంగ్లీషు. అదే కౌంటీలో హాఫ్ డే రోడ్డూ ఉంది, ఆప్తాకిసిక్ రోడ్డూ ఉంది. పటంలోని మామూలు ఇంగ్లీషు పేర్లను కూడా పాత నాయకుల జాబితాతో ఒకసారి పోల్చి చూడండి.

తిరుగు అనువాదం. వాకీగన్ తొలి పేరు లిటిల్ ఫోర్ట్. 1849లో ఆ పేరు వద్దనుకుని, భాష తెలిసిన జాన్ కింజీ, సాలమన్ జూనో అనే ఇద్దరు వర్తకుల సాయంతో కోట అనే అర్థమున్న పొటవాటమి మాట పెట్టుకున్నారు. మొదట చిన్నదని చెప్పే తోకతో వాకీగన్స్, తర్వాత తోక తీసి వాకీగన్. ఒజిబ్వేలో వాకాఇగన్ అంటే కోట, ఇల్లు. మాట నిజమైనదే, కానీ పొటవాటమిలు ఆ చోటును అనాదిగా ఇలాగే పిలిచారనడం తప్పు.

కల్పన. 19వ శతాబ్దం తొలి సగంలో ప్రభుత్వ ఇండియన్ ఏజెంటు హెన్రీ రో స్కూల్‌క్రాఫ్ట్ మిషిగన్ కౌంటీలకు ఆల్గాంక్వియన్, అరబిక్, లాటిన్ ముక్కలు కలిపి పేర్లు తయారుచేశాడు. ఆల్పీనా అలా పుట్టింది. పాత పొటవాటమి, ఒడావా నేలలో ఉన్న ఆలిగన్ కూడా ఆయన చేతిదే. చుట్టూ పొటవాటమి గ్రామాలున్నాయి కదా అని దానికి పొటవాటమి అర్థం వెతికినవారు కాలం వృథా చేసుకున్నారు. మిషిగన్ కౌంటీ పేరు ఏది తగిలినా ముందు స్కూల్‌క్రాఫ్ట్ జాబితా చూడండి.

వలస. మిషిగన్ ఉత్తరాన మల్లెట్ సరస్సు ఒడ్డునున్న టోపినబీ ఊరికి పొటవాటమి నాయకుడి పేరే ఉంది. కానీ అది పొటవాటమిల నేల కాదు, పేరు మాత్రమే అక్కడికి చేరింది. కాన్సస్‌లోని వమీగో, పాటవాటమి కౌంటీ, ఓక్లహోమాలో అదే పేరున్న కౌంటీ, అయోవాలో ఒక ‘టీ’ ఎక్కువగా రాసే మరో కౌంటీ, ఇవన్నీ తొలగింపు తర్వాతి గుర్తులు. వీటిని పొటవాటమిల మూల విస్తృతికి ఆధారంగా చూపకూడదు, తొలగింపు దారికి ఆధారంగా చూపాలి. కాన్సస్‌లో ఆసవాటమీ మరో విచిత్రం. ఓసేజ్, పాటవాటమీ అనే రెండు పేర్లను కత్తిరించి అతికించారు. నిఘంటువులో అది ఎన్నటికీ దొరకదు.

పరాయి మాట. షికాగో పొటవాటమిల ఊరే, 1833 ఒప్పందం జరిగిందీ అక్కడే. కానీ పేరు మయామీ-ఇల్లినాయ్ మాట షికాక్వ నుంచి వచ్చింది, నదీతీరాన దట్టంగా పెరిగే అడవి ఉల్లి జాతి మొక్క అది. అన్వేషకుడు లా సాల్ బృందంలోని ఫ్రెంచివాళ్ళు 17వ శతాబ్దంలోనే ఆ పేరు రాసుకున్నారు. కాంకకీ నది కూడా మయామీదే. పాత ఫ్రెంచి రాతల్లో థియాకికి అని ఉంది, చదువుతూ తిరగరాస్తూ త కాస్తా క అయింది. పొటవాటమిలు తర్వాత అదే నేలలో నివసించినంత మాత్రాన పేర్లు వాళ్ళవి కావు. ఈ విషయంలో పొటవాటమిలకు ఎక్కువ చేసి చెప్పడం మయామీలకు అన్యాయం.

షికాగోలోని సాగనాష్ పేటను ఇక్కడే పెట్టాలి, కాకపోతే తిరగేసి. సాగనాష్ అంటే ‘బ్రిటిష్‌వాడు’. తండ్రి బ్రిటిష్ సైన్యంలో అధికారి అయిన బిల్లీ కాల్డ్‌వెల్‌ను పిలిచిన పేరు అది. మాట ఇక్కడిదే, మనిషి ఇక్కడి నాయకుడే, అర్థం మాత్రం పరాయివాడని.

రాసిపెట్టే తీరు

ఇంత చేశాక ఫలితాన్ని మూడు తరగతుల్లో ఒకదానిలో వేయండి. పాత రూపం, ధ్వని, చరిత్ర మూడూ కలిస్తే ఖాయం. రెండు కలిసి మూడోది మౌనంగా ఉంటే బలమైన అవకాశం. ఒక్కటే ఉంటే ఊహ. ఊహను ఊహ అనే రాయాలి. ఏ రెండైనా గొడవపడితే అర్థం గడి ఖాళీగా ఉంచండి. ఖాళీ గడి వెనక వచ్చేవాడికి పని మిగుల్చుతుంది, తప్పుడు అర్థం ఆ పనిని దాచేస్తుంది.

ముద్రిత అర్థాన్ని ఆధారంగా చూపేముందు ఆ పుస్తకం ఎవరినుంచి తీసుకుందో చూడండి. ఐదు పుస్తకాలు ఒకే అర్థం చెబితే ఐదు సాక్ష్యాలు కావు. తరచు అవన్నీ 19వ శతాబ్దపు ఒకే కౌంటీ చరిత్ర నుంచి ఎత్తి రాసినవే. రాకుమారి ప్రేమకథతో వచ్చే అర్థాలను మొదటే పక్కన పెట్టవచ్చు. ఇండియానాలోని మిషవాకా ఊరి రాకుమారి కథ అలాంటిదే.

నిఘంటువు దగ్గర ఒక ఇబ్బంది ఉంది. పొటవాటమికి రాత పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ. కొన్నిటిలో గరుకు, మెత్తని హల్లుల తేడా చూపుతారు, సంప్రదాయ పద్ధతిలో చూపరు. అందువల్ల గ దగ్గర దొరకని మాటను క దగ్గర, జ దగ్గర లేనిదాన్ని స దగ్గర కూడా వెతకాలి. ఓక్లహోమా వర్గపు జాతి ప్రభుత్వమైన సిటిజన్ పొటవాటమి నేషన్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం. 1930ల చివర భాషావేత్త చార్ల్స్ హాకెట్ చేసిన వ్యాకరణ పరిశోధన ధ్వని నియమాలకు పునాది. కాన్సస్ సెయింట్ మేరీస్ మిషన్‌లో 19వ శతాబ్దంలో మిషనరీ మోరిస్ గయ్యాన్ కూర్చిన నిఘంటువు పాత రూపాలకు పనికొస్తుంది. సరిపోల్చడానికి మినసోటా విశ్వవిద్యాలయం నడిపే ఒజిబ్వే నిఘంటువూ, మయామీలవారి ఆన్‌లైన్ నిఘంటువూ పక్కన తెరిచి ఉంచుకోండి. మూడూ ఒకేసారి తెరవకుండా ‘ఇది పొటవాటమి’ అనకండి.

చిన్ననాటి నుంచి ఈ భాషలోనే పెరిగినవారు నేడు చాలా కొద్దిమందే. అయినా ఇది పోయిన భాష కాదు. పొటవాటమి నేషన్లలో భాషా విభాగాలు పనిచేస్తున్నాయి, తరగతులు నడుస్తున్నాయి. ఖాయం అనుకున్న పేరును కూడా ప్రచురించేముందు ఆ ప్రాంతానికి సంబంధించిన నేషన్ భాషా విభాగానికి పంపండి. మిషిగన్ నైరుతి, ఇండియానా ఉత్తరం అయితే పొకేగన్ బ్యాండ్. విస్కాన్సిన్ అయితే ఫారెస్ట్ కౌంటీ. ఇల్లినాయ్ ఉత్తరాన షబ్బోనా చుట్టుపక్కల అయితే నేడు కాన్సస్‌లో ఉన్న ప్రెయిరీ బ్యాండ్, 2024లో అక్కడ 130 ఎకరాలు వాళ్ళ ట్రస్టు భూమి, అంటే జాతి కోసం కేంద్ర ప్రభుత్వం పేరిట ఉంచే భూమి, అయ్యాయి. పంపేటప్పుడు ‘దీని అర్థం ఏమిటి’ అని ఒక్క వాక్యం రాయకండి. పాత రూపాలు, సంవత్సరాలు, మీరు విడగొట్టిన తీరు, ఎక్కడ సందేహముందో అన్నీ జతచేయండి. వాళ్ళు కాదంటే కాదన్న కారణంతో సహా నమోదు చేయండి. ఇది చెప్పడానికి ఇష్టం లేదంటే ఆ మాటను గౌరవించి వదిలేయండి.

తెలుగులో రాసేటప్పుడు అస్పష్ట అచ్చుకు మనకు అక్షరం లేదు. పై రూపాల్లో దానికి ఎ వాడాం. దీర్ఘ ఏ ని వేరుగా ఉంచాం. ష కు నాదం కలిపిన ధ్వనికి ఝ పెట్టాం, కాబట్టి దాన్ని ఝంకారంలోని ఝ లా ఒత్తి పలకకూడదు. మీరు వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. ఏది చేసినా జాబితా మొదట్లో చెప్పి, చివరిదాకా అదే పాటించండి.

ఒక నమోదు ఇలా ఉంటుంది. “వాకీగన్, ఇల్లినాయ్. పాత పేరు లిటిల్ ఫోర్ట్. 1849లో పొటవాటమి మాటతో మార్చారు. మాటకు అర్థం కోట. ఒజిబ్వే వాకాఇగన్‌తో పోల్చండి. పేరు పెట్టింది ఊరివారు, వర్తకుల సలహాతో. తరగతి: ఖాయం.” దాని కింద మరొకటి. “కలమజూ, మిషిగన్. నది పేరు నుంచి. కొన్ని పాత రూపాల్లో మొదట ‘కి’ అదనంగా ఉంది. మరిగే నీరు, ఎండమావి వంటి వివరణలు ప్రచారంలో ఉన్నాయి. ల ధ్వనికి పొటవాటమిలో చోటు లేదు. అర్థం:” ఆ తర్వాత ఏమీ రాయకూడదు.